వీధివైపు కుట్టుమిషన్

"పెద్దావిడకి చెవులు బాగానే వినపడతాయా?"

అద్దెకి చూడ్డానికి వచ్చిన ఇంటి తాళం ఇంకా తీయనే లేదు. ఎదురింటి గుమ్మంలో మిషన్ కుడుతున్నావిడ అప్పుడే ఆరా మొదలుపెట్టేసింది. మిషన్‌ని వీధివైపు తిప్పి పెట్టుకుంది. కాలు మిషన్ మీద, కన్ను వీధి మీద.

"వినపడతాయండీ," అంది కూతురు ముక్తసరిగా.

"కాస్త ఎడమవైపు ఒరిగి నడుస్తున్నారే. ఎప్పట్నించి?"

కూతురు విననట్టే, అమ్మని తమ్ముడికి వదిలి, తాళం తీసి లోపలికి వెళ్ళింది.

ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం ఆమెది. పన్నెండేళ్ళు చిన్న ఊళ్ళో పనిచేశాక మళ్ళీ నగరానికి బదిలీ అయింది. ఆసుపత్రి ఉన్నది నగరం నడిబొడ్డున. ఇల్లు కూడా అక్కడే, పిలిస్తే పరిగెత్తుకొచ్చేంత దగ్గర్లో కావాలి.

ఎందుకంటే అమ్మకి మతిమరుపు. తలుపు తీసి ఉంటే చాలు, చెప్పులు వేసుకుని బయల్దేరుతుంది. ఆ ఊళ్ళో రెండుసార్లు తప్పిపోయింది. రెండోసారి వెతికి పట్టుకోవడానికి ఒక రోజంతా పట్టింది. మూడోసారి దొరక్కపోతే ఎలా అన్న భయం కూతుర్ని ఒక్క పూట కూడా వదలడం లేదు.

ఇల్లు బాగానే ఉంది. రెండు గదులు, ధారాళంగా గాలి, పక్కనే మందుల షాపు. సందే ఇరుకు.

బయటికి వచ్చేసరికి మిషనావిడ అమ్మని స్టూలు మీద కూర్చోబెట్టి టేపుతో భుజాలు కొలుస్తోంది.

"మేం ఏమీ కుట్టించుకోవడం లేదండీ," అంది కూతురు.

"తెలుసులేమ్మా. ఏమని పిలిస్తే పలుకుతారు మీ అమ్మగారు?"

"పిచ్చుక," అంది అమ్మే హుషారుగా. "మా నాన్న నన్ను అలాగే పిలిచేవాడు."

ఆవిడ కొలతల పుస్తకంలో అదీ రాసుకుంది. అమ్మ ఈలోగా మిషన్ మీదున్న దిండు గలీబు తిరగేసి చూసింది.

"నీ కుట్టు వంకరగా ఉందమ్మాయ్."

"ఈ సందులో అందరూ అదే మాట పెద్దమ్మా," అని ఆవిడ నవ్వేసింది. కూతురివైపు తిరిగి, "నువ్వెక్కడ పనిచేస్తావమ్మా? ఎన్నింటికి వెళ్తావు? నువ్వు లేనప్పుడు ఈవిడ దగ్గర ఎవరుంటారు? నీ ఫోన్ నంబరు?"

"ఆసుపత్రి ల్యాబులో," అని కూతురు అక్కడికి ఆపేసింది. "అయినా మా ఇంటి సంగతులు మీకెందుకండీ?"

ఆవిడ మొహం చిన్నబోయింది. "నిజమేలే," అని మళ్ళీ మిషన్ తొక్కసాగింది.

సందు దాటాక, ఇల్లు చూడ్డానికి తోడొచ్చిన తమ్ముడు పకపకా నవ్వాడు. "మన రక్తం గ్రూపు ఒక్కటే అడగలేదక్కా."

"అది నా ల్యాబుకొచ్చి మరీ కనుక్కుంటుంది. ఈ సందు మనకొద్దురా."

నాలుగు వీధుల అవతల, పెద్ద రోడ్డు మీద, ఎనిమిదంతస్తుల బిల్డింగులో ఫ్లాటు తీసుకున్నారు. లిఫ్టు, గేటు, గేటు దగ్గర యూనిఫారం వేసుకున్న గార్డు. పగలు అమ్మని చూసుకోవడానికి ఒక ఆయా కూడా కుదిరింది.

"ఇక్కడ ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరక్కా," అని తమ్ముడు తెగ మురిసిపోయాడు.

మూడో వారంలో ఒక రోజు, ఆయా బాత్రూంలో బట్టలు పిండుతుండగా అమ్మ వెళ్ళిపోయింది.

కబురు తెలిసి కూతురు పడుతూ లేస్తూ గేటు దగ్గరికి వచ్చింది.

"వెళ్ళారు మేడమ్," అన్నాడు గార్డు. "నమస్కారం కూడా పెట్టాను. ఎటని అడగలేదు. అడిగితే ఇక్కడివాళ్ళకి నచ్చదు."

ఆమె రోడ్డు మీదికి పరిగెత్తింది. అంతలో ల్యాబు నుంచి ఫోన్.

"ఎవరో టైలరమ్మ ఫోన్ చేసింది. మన ల్యాబులో పనిచేసే అమ్మాయి కావాలట, వాళ్ళమ్మ పేరు పిచ్చుక అట. మీ గురించేనా?"

సందులోకి ఎలా వచ్చి పడిందో ఆమెకే తెలీదు. అమ్మ స్టూలు మీద కూర్చుని, వంకర కుట్లు ఒక్కొక్కటే శ్రద్ధగా విప్పుతోంది.

"మొన్న వచ్చినప్పటి ఆకుపచ్చ బట్టలే, ఎడమవైపు ఒరిగే నడక. సందు చివర రోడ్డు మీద వెళ్తుంటే ఇక్కణ్ణించే గుర్తుపట్టాను," అంది మిషనావిడ. "చెయ్యి పట్టుకుంటే బెదిరిపోతారని పక్కనే నడిచాను. బస్సెక్కబోతుంటే 'పిచ్చుకా' అన్నాను. ఠక్కున ఆగిపోయారు."

కూతురికి ఏడుపు ఆగలేదు. "ఆ రోజు మిమ్మల్ని నోటికొచ్చినట్టు..."

"పోనిద్దూ. అన్ని ప్రశ్నలు వేస్తే ఎవరికి మాత్రం విసుగు రాదు?"

అదృష్టం కొద్దీ ఎదురిల్లు ఇంకా ఖాళీగానే ఉంది. నెల తిరక్కుండా సామాను సందులోకి మారింది. అమ్మ పగలంతా ఆ స్టూలు మీదే. ఆవిడ కుట్టడం, అమ్మ విప్పడం. ఇద్దరికీ బాగా జత కుదిరింది.

ఒక సెలవు రోజు సాయంత్రం ఎండ సూటిగా ఆవిడ కళ్ళలో కొడుతుంటే కూతురు చూడలేకపోయింది.

"అక్కా, లోపల గోడ దగ్గర అంత మంచి లైటుంది. మా తమ్ముడు మిషన్ అటు తిప్పి పెడతాడు. కుట్టు కూడా తిన్నగా వస్తుంది."

ఆవిడ చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ, చూపు మాత్రం వీధి మీంచి మళ్ళించలేదు.

"అప్పట్లో అటే ఉండేదమ్మా, కుట్టూ తిన్నగానే వచ్చేది," అంది. "పదకొండేళ్ళ కిందట మా అమ్మ నా వెనకనుంచే గుమ్మం దాటి వెళ్ళి మళ్ళీ రాలేదు; ఏ రంగు బట్టల్లో వెళ్ళిందని పోలీసులు అడిగితే, అవి కుట్టినదాన్ని నేనే అయ్యుండీ చెప్పలేకపోయాను."