లెక్కలో లేని ఆవు

“ఈ ఆవు నా లెక్కలోది కాదప్పా. దాని ఊళ్ళోనే వేయించాల సూది,” అన్నాడు ఆనందరావు.

ఓబులప్ప పగ్గం వదల్లేదు.

“ఆ ఊరి గొడ్డయితే ఏమప్పా, దానికీ నాలుగు కాళ్ళేగదా ఉండేది.”

పుంగనూరు పక్క పల్లె అది. చింతతోపులో ఊరి గొడ్లన్నీ వరసగా కట్టేసి ఉన్నాయి. ఓబులప్ప తెచ్చిన పొట్టి ఆవు మాత్రం అతని కూతురు కెంపమ్మది. కాన్పుకు పుట్టింటికొచ్చిన కెంపమ్మకు, బిడ్డ పుట్టి నెల తిరక్కముందే పాలు ఇంకిపోయాయి. రామసముద్రం వైపున్న ఆమె అత్తగారి ఊరికి పోయి, తండ్రి ఈ ఆవును తోలుకొచ్చాడు. బిడ్డ బతుకంతా దాని పొదుగులోనే ఉంది.

సూదులు కెంపమ్మ అత్తగారి ఊళ్ళోనూ వేస్తున్నారు. అవే రోజులు, అలాంటి సీసాలే. గొడ్లను మందలకు మందలు తుడిచేసే ముసర రోగం రాకుండా కొత్తమందు కనిపెట్టారని, రెండూళ్ళలో గొడ్లకు వేసి, ఏది పడిందో ఏది నిలిచిందో రాసుకోవాలని చెప్పారు. అక్కడ ఒక కాంపౌండరు, ఇక్కడ పశువుల డాక్టరు చదువుతున్న ఆనందరావు. సీసాలు పంపింది అతని ప్రొఫెసరు ముద్దుకృష్ణ.

పరిశోధన అంటే ఏమిటో ఆయనే నేర్పాడు. ఒకటే ప్రశ్న పట్టుకో, పక్కచూపులు చూడకు. కంటికి కనిపించింది రాయి, మనసుకు కావలసింది రాయకు. ఈ ఊరి గొడ్డును ఆ ఊరి గొడ్డుతో కలిపావంటే రెండూళ్ళలో పడ్డ పాట్లూ బూడిదలో పోసినట్టే. చూసేవాడికి అన్నీ తెలియకూడదు, తెలిస్తే కళ్ళు వాటంతటవే ఒక పక్కకు ఒరుగుతాయి అని కూడా అన్నాడు. ఆ చివరి మాట ఆనందరావుకు బోధపడలేదు. అయినా తలూపాడు. మదనపల్లెలో ఆసుపత్రి కట్టుగుడ్డలుతికే మార్తమ్మ కొడుకు అతను. పెద్దవాళ్ళ ముందు తలూపడమే అతనికి పుట్టుకతో వచ్చిన విద్య.

“తోలుకుపోయి ఆడ్నే వేయించప్పా. రెండుతావులా ఒకటే మందు,” అన్నాడు మళ్ళీ.

“ఆ కాంపౌండరు మొగం నేను సూడలేదు. నువ్వు మా ఇంట్లో కూసోని సంగటి తిన్నోడివి. నీ సెయ్యి నమ్మినట్టు ఆయప్ప సెయ్యి యెట్ల నమ్మేది?”

ఆ మాట దగ్గర ఆనందరావు ఓడిపోయాడు. చుట్టుపక్కల ఏ పల్లెకు పోయినా ముందు కులమడిగి, తర్వాత వాకిట్లో ఆకు వేసేవాళ్ళే. ఓబులప్ప అడగలేదు. నడింట్లో పీట వేశాడు. ఆ పీట రుణం తీర్చుకుంటున్నట్టు, ఆనందరావు ఆవు మెడపట్టున సూది దించాడు. కాగితంలోకి మాత్రం ఎక్కించలేదు.

“ఇంక దీనికి సావు లేదు,” అని ఓబులప్ప ఆవు గంగడోలు నిమిరాడు.

సంత నుంచి వచ్చిన ఎడ్ల వెంట రోగం ఊళ్ళోకి నడిచొచ్చింది. మొదట గోపాలప్ప కాడెద్దు కంట నీరు కార్చి, నోట చొంగ వదిలి, మేత ముట్టకుండా పడుకుంది. తర్వాత సూదేసిన గొడ్లే వరసగా కూలబడ్డాయి. జనం ఆనందరావు చుట్టూ మూగారు. అతను ఇంకో విడత మందు పంపమని ప్రొఫెసరుకు కార్డు రాశాడు. ఏమీ చెయ్యకు, చూసి రాయి అని జవాబొచ్చింది.

“సూసి రాస్తే రోగం సిగ్గుపడి పోతాదా దొరా?” అన్నాడు గోపాలప్ప. ఆనందరావు తల దించుకుని రాస్తూనే ఉన్నాడు.

పొట్టి ఆవు కూడా పడింది. కెంపమ్మ బిడ్డను చంకనేసుకుని దాని పక్కనే కూచుంది. అత్తగారి ఊరి నుంచి వచ్చినవాళ్ళెవరో ఆమెకు చెప్పిపోయారు.

“మా ఊళ్ళో ఒక గొడ్డు గూడా పడలేదంట నాయనా. దీన్ని ఆడ్నే ఉంచింటే ఈడి గాలి సోకేది కాదు.”

“సూది పడిండాది గదమ్మా,” అన్నాడు ఓబులప్ప. “ఇంకేం సేస్తాడు ఆయప్ప? ఏమీ అనాకు.”

తెల్లారేసరికి ఆవు బిగుసుకుపోయింది. పాల కోసం కెంపమ్మ ఇల్లిల్లూ తిరిగింది. పాలిచ్చే గొడ్డు ఊళ్ళో మిగిలితే గదా. రాగిగంజి తేట పోస్తే బిడ్డకు ఇమడలేదు. ఆవును పూడ్చిన వారంలోపే బిడ్డనూ పూడ్చారు. ఆ రోజు కూడా ఓబులప్ప ఆనందరావుకు సంగటి పెట్టాడు.

ప్రొఫెసరు కుప్పంలో రైలు దిగి, బొగ్గుతో నడిచే బస్సులో దుమ్ము కొట్టుకుని వచ్చాడు. చింతతోపులో కుర్చీ వేయించుకుని కాగితాలు తిరగేశాడు. చక్కగా రాశావని మెచ్చుకున్నాడు. పై చదువుకు తానే సిఫారసు చేస్తానన్నాడు. ఆనందరావు చేతులు కట్టుకుని ఆవు సంగతి చెప్పేశాడు. ఆ ఊరి గొడ్డుకు ఈ ఊళ్ళో సూది వేశానని, కాగితంలోకి ఎక్కించకుండా దాచానని, దానికి ఏ శిక్ష వేసినా పడతానని అన్నాడు.

ప్రొఫెసరుకు కోపం రాలేదు. రాయకపోవడమే మంచిదైంది, ఒక గొడ్డుతో లెక్క చెడదులే అన్నాడు.

ఆనందరావు అక్కడే నిలబడ్డాడు.

“ఒకటే మందు గదా సార్. ఆ ఊళ్ళో అన్నీ బతికి, ఇక్కడ ఎందుకు పనిచెయ్యలేదు?”

ప్రొఫెసరు కాగితాలు సంచిలో సర్దుకుని లేచాడు.

“మందు ఆ ఊరికే వేశామయ్యా, ఇక్కడ వేయించింది ఉప్పునీళ్ళు.”