కంచె దగ్గర చప్పట్లు

సింధుజ చేతుల్లోంచి బంతి జారిపోయింది.

గ్రౌండంతా ఉస్సూరుమంది. కంచె దగ్గర ఉన్నిటోపీ పెట్టుకున్న ముసలాయన మాత్రం టపటపా చప్పట్లు కొట్టాడు.

బాలమురళికి ఒళ్ళు మండిపోయింది. కూతురు గోల్ కొడితే ఈయన కిమ్మనడు. బంతి వదిలేస్తే మాత్రం చప్పట్లు! పోయినవారమూ ఇదే తంతు.

సింధుజ వాళ్ళుండే వెర్రిబీ ఊరి అమ్మాయిల ఫుటీ టీమ్‌లో ఆడుతోంది. ఫుటీ అంటే బంతిని చేత్తో పట్టుకుని, కాలితో తన్నే ఈ దేశపు ఫుట్‌బాల్. ఏడాది చివర్లో మహిళల లీగ్ డ్రాఫ్ట్. పెద్ద క్లబ్బులు తమకు కావలసిన అమ్మాయిల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తాయి. తొలి రౌండ్లలో పిలుపొస్తే ఆ గౌరవమే వేరు. సింధుజకి అది కల. బాలమురళికైతే తిండీ నిద్రా అన్నీ అదే. కూతుర్ని ఫోన్లో వీడియో తీసుకోవడం తప్ప గ్రౌండ్‌లో ఇంకెవర్నీ కన్నెత్తి చూసే తీరికే లేదు మహానుభావుడికి.

హాఫ్‌టైమ్‌లో చరచరా కంచె దగ్గరికి నడిచాడు.

"ఏవండీ, తెలుగువాళ్ళేనా?"

"అవును బాబూ. నా పేరు ఈశ్వరప్రసాద్. మాది తణుకు."

"మనవాళ్ళై ఉండి, మన పిల్ల తప్పు చేస్తే చప్పట్లేంటండీ? ఎగతాళా?"

"అయ్యయ్యో! ఎగతాళి కాదు బాబూ..."

"మరింకేంటి? వచ్చే శనివారం లాస్ట్ మ్యాచ్. క్లబ్ వాళ్ళు పాపని చూడ్డానికి వస్తున్నారు. మీకు దణ్ణం పెడతాను, ఆ రోజు మాత్రం ఇటు రాకండి."

"సోమవారం ఇండియా వెళ్ళిపోతున్నాను. ఆ ఒక్క ఆటా చూసి..."

"ఇంకేం, శుభ్రంగా షాపింగ్ చేసుకోండి అంకుల్."

ముసలాయన ఏదో అనబోయాడు. ట్రాక్‌సూట్ వేసుకుని ఆటగాళ్ళకి నీళ్ళ సీసాలు అందిస్తున్న పిల్ల వైపు ఒకసారి చూశాడు.

"పాపకి మంచి జరుగుతుందంటే అలాగే బాబూ" అన్నాడు.

శనివారం కంచె దగ్గర ఎవరూ లేరు. బాలమురళి ప్రాణం హాయిగా ఉంది. క్లబ్ నుంచి వచ్చిన కెల్లీకి తనే వెళ్ళి కాఫీ తెచ్చిచ్చాడు.

టీమ్‌లో ఒకమ్మాయికి జ్వరమట. ఎప్పుడూ నీళ్ళ సీసాలు అందించే ఆ ఎక్స్‌ట్రా ప్లేయర్‌కి ఇవాళ ఆడే అవకాశం వచ్చింది.

ఆట మొదట్లోనే సింధుజ బంతి వదిలేసింది. గబుక్కున కంచె వైపు చూసింది. తల దించేసుకుంది. మళ్ళీ బంతి పక్కనుంచే పోతున్నా కదల్లేదు.

ఆ తర్వాతా అంతే. మాటిమాటికీ కంచె వైపే చూపులు. చిత్రమేమిటంటే ఆ కొత్త పిల్లా అటే చూస్తోంది. గోల్ కొట్టి, అందరూ వచ్చి వాటేసుకుంటుంటే వాళ్ళ భుజాల మీదుగా కూడా అటే చూసింది.

"ఇవాళ ఈ పిల్లలకేమొచ్చింది?" అని విసుక్కున్నాడు బాలమురళి.

ఆట అయ్యాక కెల్లీ పక్కకి పిలిచింది.

"కిక్, స్పీడ్ చాలామందికి ఉంటాయి బాలా. తొలి రౌండ్లలో పిలిచేవాళ్ళలో మేం ఇంకోటి చూస్తాం. తప్పు చేసిన మరుక్షణం ఏం చేస్తారా అని. పోయిన నెల మీ అమ్మాయి బంతి వదిలేసి, నవ్వేసి, లేచి పరిగెత్తింది. ఆ అమ్మాయి కోసమే వచ్చాను. ఇవాళ కనబడలేదు. తొలి రౌండ్లలో కష్టం. సారీ."

కారులో సింధుజ కిటికీ వైపు తిరిగి ఏడుస్తోంది.

"డాడ్, ఆ తాతయ్య ఎందుకు రాలేదు?"

"ఏ తాతయ్య?"

"ద క్లాపింగ్ తాతయ్య."



"నేనే రావద్దన్నానమ్మా. నిన్ను వెక్కిరిస్తున్నాడనుకుని..."

"వాట్? డాడ్, నో! మిస్ చేసినప్పుడల్లా ఏడ్చేదాన్ని కదా. ఒకసారి చూసి, 'గోల్ కొడితే అందరూ కొడతారమ్మా చప్పట్లు. పోతే నేను కొడతా. ఆ చప్పుడు వినగానే లేచి పరిగెత్తు' అన్నారు. ఇవాళ ఎంత వెయిట్ చేశానో తెలుసా?"

బాలమురళి కారు పక్కకి తీసి ఆపేశాడు. ఆ చప్పట్లు ఒక్కసారి వినబడితే చాలుననిపించింది.

"ఆయన ఇల్లు తెలుసా? ఇప్పుడే వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను. అంత చలిలో నీకోసం ప్రతివారం వచ్చాడా తల్లీ?"

సింధుజ కళ్ళు తుడుచుకుంది.

"నాకోసం కాదు డాడ్... సీజన్ అంతా ఒక్క గేమన్నా ఆడిస్తారేమోనని చూసి చూసి, ఇవాళ ఫస్ట్ టైమ్ గ్రౌండ్‌లోకి దిగిన అమృతకి ఆయన తాతయ్య."