పదకొండు దొంగ పేర్లు

దొంగ ఎవడో ఉమామహేశ్‌కు తెలిసిపోయింది. ఇక అర్జీ రాయించడమే మిగిలింది.

పాత తెలుగు టైపు మిషన్ మీద అక్షరాలు ఏ వరసలో ఉండేవో అదే వరసలో, టకటకమని గట్టిగా మోగే కంప్యూటర్ కీబోర్డు ఒకటి అతను సొంతంగా తయారుచేశాడు. ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటివాడు కదా, తలకాయ నిండా ఆలోచనలే. బెంగళూరులో దాన్ని పెద్ద ఎత్తున చేసిపెట్టే కంపెనీవాళ్లు, "ముప్పై మంది కావాలంటేనే చేస్తాం. సోమవారం సాయంత్రం ఐదులోగా పేర్లు రాకపోతే మీ అడ్వాన్సు తిరిగిరాదు" అన్నారు. అడ్వాన్సు అంటే అతని మూడు నెలల జీతం.

ఎవరికి కావాలో పేరు, ఫోన్ నంబరు ఇవ్వమని కర్నూలు వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఫారం పెట్టాడు. ఆఫీసులో పక్కసీటు భూపేష్ చూసి నవ్వాడు.

"దీన్ని ఎవరు కొంటారప్పా? నువ్వూ, మీ నాయనా?"

వారంలో ముప్పై రెండు పేర్లు వచ్చాయి. ఉమామహేశ్ స్వీట్లు పంచాడు. భూపేష్‌కు కావాలనే రెండు ఎక్కువ పెట్టాడు.

జాబితా సరిగ్గా చదివింది మాత్రం ఆ తర్వాతే. హర్షిణి, శ్రీవిద్య, రాఘవేంద్రప్రసాద్... ఇరవై ఒక్క పేర్లు బాగానే ఉన్నాయి. మిగతావి? గిడ్డమ్మ. ఏసేపు. బొజ్జన్న. నెహెమ్యా. ఇట్లాంటివి పదకొండు. పదకొండు మందికీ ఒకటే ఫోన్ నంబరు!

ఆ నంబరుకు చేశాడు. ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"ఏసేపు ఉండాడా?"

"ఉండాడప్పా."

"బొజ్జన్న?"

"ఈడనే ఉండాడు."

"నెహెమ్యా?"

"టీ తాగను పోయినాడు. ఎవరు నాయనా నువ్వు?"

పట్టపగలు, పనివేళ, అందరూ ఒకేచోట! ఫోన్ పెట్టేశాడు. ఇది భూపేష్ ఆడిస్తున్న నాటకమే. ఉమామహేశ్ ఆ పదకొండు పేర్లూ తన చేత్తోనే జాబితాలోంచి తీసేశాడు. ముప్పై మంది లేక అడ్వాన్సు పోతే పోయింది, దొంగ లెక్క చూపించే రకం కాదు తను.

సోమవారం ఎస్పీ ఆఫీసులో ఇవ్వడానికి అర్జీ తెలుగులో కావాలి. ఉమామహేశ్‌కు తెలుగు టైపు రాదు. కీబోర్డు తయారుచేశాడు గానీ, నేర్చుకునే తీరిక దొరకలేదు. కలెక్టరేట్ గోడ పక్కన అర్జీలు కొట్టేవాళ్ల గొడుగులు వరసగా ఉంటే, మొదటి గొడుగు కింద కూర్చున్నాడు. కళ్లద్దాల పెద్దామె పాత మిషన్‌లో కాగితం ఎక్కించింది.

"ఎవరి మీదప్పా?"

"మా ఆఫీసులో భూపేష్ మీదమ్మా. పదకొండు దొంగ పేర్లు పుట్టించినాడు."

పేర్లు చెప్పాడు. ఆమె వేళ్లు ఆగాయి.

"ఏమాయ?"

"ఈ మిషన్‌లో 'క' పడదు నాయనా, పెన్నుతో దిద్దుకోవాల. బాగుచేసేటోడు సచ్చిపోయి నాలుగేండ్లాయ. కంప్యూటర్ మీద కొడదామంటే అచ్చరాలు యాడుండాయో చేతికి దొరకవు."

"అవన్నీ తర్వాత. టైమైపోతాంది, బిన్నా కొట్టమ్మా."

ఆమె కొట్టింది. "అవి దొంగ పేర్లని ఎట్ల తెలిసె?"

"ఇట్లాంటి పేర్లోళ్లు యాడన్నా కంప్యూటర్ సామాను కొంటారామ్మా?"

"అదీ నిజమేలే. నీ తండ్రి పేరు?"

"పెద్దసుబ్బయ్య."

ఆమె కళ్లద్దాల పైనుంచి చూసింది. "ఇది నిజం పేరేనా?"

"మా నాయన పేరమ్మా!"

"అడిగినాలే అప్పా, కోపమెందుకు. సాచ్చులుంటే అర్జీకి శానా బలం, ఉండు."

కాగితం తీసుకుపోయి పక్క గొడుగుల కింద ఇద్దరితో సంతకాలు పెట్టించుకొచ్చింది. వాళ్లు చదివి, అతని వైపోసారి చూసి, మళ్లీ పనిలో పడ్డారు. ఎవరు అర్జీ కొడితే వాళ్లు కింద 'దస్తూరి' అని తమ పేరు పెట్టడం అక్కడి పద్ధతి. ఆమె అదీ పెట్టి, కాగితం మడిచి ఇచ్చింది.

ఎస్పీ ఆఫీసులో అతని వంతు వచ్చేసరికి నాలుగున్నర. కానిస్టేబుల్ కాగితం విప్పి చూసి, "సాక్షులు గూడా ఉండారే! ఎవరెవరో చదువు, రాసుకుంటా" అన్నాడు.

ఉమామహేశ్ గొంతు సవరించుకుని, కాగితం అడుగున ఉన్న వరసలు మొదటిసారి చదివాడు.

"సాక్షులు: ఏసేపు, నెహెమ్యా. దస్తూరి: గిడ్డమ్మ."