కుడికాలు వాచిన అబ్బాయి

"ఆవిడ అడ్రసు ఇవ్వండి బాబాయ్‌గారూ. ఒక్క మాట అడిగి వచ్చేస్తాను."

లేసులు ఎక్కిస్తున్న బూట్ల కొట్టు పెద్దాయన చెయ్యి ఆగిపోయింది. "నా దగ్గర లేదమ్మా."

అడ్రసు అడిగినామె కూతురికి ఐదేళ్లు. పుట్టిన కొన్నాళ్లకే ఎడమకాల్లో నీరు చేరి ఉబ్బిపోయింది. అది చాలదన్నట్టు రక్తం గడ్డకట్టించే కణాలు పడిపోతున్నాయి. పళ్లు తోముకున్నా నెత్తురే. లక్షల్లో ఒకరికొచ్చే జబ్బట. ఆ ఒక్కరూ తన బిడ్డే ఎందుకు కావాలో ఏ డాక్టరూ చెప్పలేదు.

పిల్లల సైజుల్లో పాప ఎడమకాలికి పన్నెండో నంబరు బూటు, కుడికాలికి ఎనిమిదో నంబరు. ఎప్పుడు కొన్నా రెండు జతలు కొనాల్సిందే. మూడేళ్ల క్రితం, మొదటిసారే పెద్దాయన అన్నాడు.

"ఒక్క జతకే డబ్బులివ్వమ్మా. ఇంకో తల్లి ఉంది. వాళ్లబ్బాయికి కుడికాలు వాపు. మిగిలిన రెండూ లోపల పెడతాను, ఆవిడ తీసుకెళ్తుంది."

ఆమెకి కొండంత ధైర్యం వచ్చింది. తనలాంటిది ఇంకొకతె ఉంది! కొట్టుకి వచ్చినప్పుడల్లా ఆ అబ్బాయి గురించే అడిగేది. పెద్దాయన విసుక్కోకుండా చెప్పేవాడు. నడుస్తున్నాడట. బడికెళ్తున్నాడట. మొన్నటికి మొన్న పరుగెత్తాడట. ఆ కబుర్లు మోసుకెళ్లి మొగుడికి చెప్పేది. ఆ పూట ఇద్దరూ కడుపునిండా తినేవాళ్లు.

ఇవాళ డాక్టరు చేతులెత్తేసినంత పని చేశాడు. "కొత్త మందు ఒకటుంది. మేమెవరికీ వాడలేదు. పనిచేయొచ్చు, ప్రాణం మీదికీ రావొచ్చు. సంతకం పెడతారో లేదో సాయంత్రంలోగా చెప్పండి."

మొగుడు గోడకి జారగిలబడి కూర్చుండిపోయాడు. ఆమె మాత్రం ఉన్నపళంగా ఇక్కడికి పరుగెత్తుకొచ్చింది.

"ఆ బాబు ఏ మందుతో లేచి తిరిగాడో తెలిస్తే చాలు. అదే మందయితే కళ్లు మూసుకుని సంతకం పెట్టేస్తాను. మీ కాళ్లు పట్టుకుంటాను బాబాయ్!"

"నా మాట విను తల్లీ..."

"దాచకండి! ఆవిడకి తీసిపెట్టిన డబ్బా మీద ఫోన్ నంబరైనా రాసి ఉంటారుగా?"

ఆయన లేచి అడ్డం వచ్చేలోపే ఆమె కౌంటరు దాటి వెనకగది తలుపు తోసింది.

అక్కడ పై అరలో, ఒక పెద్ద కుడి బూటూ ఒక చిన్న ఎడమ బూటూ చొప్పున, ఈ మూడేళ్లలో ఆ అబ్బాయి తొడుక్కుని పరుగెత్తాడన్న ఐదు జతలూ మట్టి అంటని అడుగులతో వరసగా ఉన్నాయి.