జుట్టుపోలిగాడి మేకు

తోలుబొమ్మలాట సంఘం కార్యదర్శి తిరుపాలమ్మ, సంఘంలో మిగిలిన ఒకే ఒక్క ఆటగాడు, నకలు కేంద్రానికి వెళ్తున్న కుళ్లాయప్పకు సంచి సర్దుతోంది. ఆటగాడి గొంతుకూ ఆటకూ నకలు తీసి యంత్రంలోకి దింపించని కళాసంఘాలకు ఇప్పుడు సాయం అందదు, ఆడుకోవడానికి హాలూ దక్కదు.

ఊరు దాటే ఆటగాడు బంగారక్క బొమ్మను తీసుకుని, ఆమె మొగుడు జుట్టుపోలిగాణ్ణి గోడ మేకుకే వదిలివెళ్లడం సంఘం ఆనవాయితీ. జంట కలపడానికైనా తిరిగొస్తాడని నమ్మకం. నకలులో ఏదైనా కొరత పడుతుందేమోనన్న భయంతో తిరుపాలమ్మ రెండు బొమ్మలూ సంచిలో పెట్టేసింది.

"వాణ్ణి గూడా పెడ్తాండావేందక్కా? నా పీడ వదిలించుకుందామనా?" అని నవ్వాడు కుళ్లాయప్ప.

"వారం దినాలే గద కుళ్లాయా. పోయి రా."

వారానికి నకలు వచ్చింది. ప్రతి శనివారం తెర మీద ఆడుతోంది, హాలు నిండుతోంది. కుళ్లాయప్పను ఎప్పుడు పంపుతారని అడిగినా "ఇంకొక్క కథ దించుకోవాలమ్మా" అంటారు కేంద్రంవాళ్లు. గోడ మేకు ఖాళీగానే ఉంది.

కుళ్లాయప్ప 2061 ఫిబ్రవరి తొమ్మిదిన వెళ్లాడు. తిరిగి రాలేదు.