చెలిమె నీళ్ళు

"నోరు తెరువే!" అన్నడు నాగయ్య పటేలు.

ఎలీసబెతు తెరువలే. పండ్లు బిగబట్టుకొని నిలవడ్డది. చావడి ముందట ఎండ నెత్తి మాడుస్తుంది. ఆమెకు ఎదురుంగ కమ్మరి భూమన్న పటకారు పట్టుకొని కుంటుకుంట వచ్చి ఆగిండు. కొలిమిల ఎర్రగ కాలిన ఇనుమును పట్టే పటకారది. గిప్పుడు దాంతోని ఆడిదాని పండ్లు పీకుతరట! పండ్లు పీకితే చేతబడి మంత్రం పారదట! ఆమె మొగుడు తోమాసును నలుగురు రెక్కలిరిచి పట్టుకున్నరు. నిజాం రాజ్యం పోయి ఆరేండ్లయింది గాని, గీ ఊరి బుద్ధి మాత్రం జరంత కూడ కదల్లే.

ఇంతకు ఆమె చేసిన తప్పేంది? ఊరందరి కాళ్ళల్ల నారికురుపు లేసింది. పుండు పగిలి తెల్లటి దారమసొంటి పురుగు బయటికొస్తుంటే, అది తెగిపోకుంట రోజింత పుల్లకు చుట్టుకుంట జనం అరుగుల మీద మూలుగుతుండ్రు. ఊరవతల ఉన్న ఆమె వాడల మాత్రం ఒక్కరికన్న రాలే. గంతే ఆమె తప్పు! నిన్న బుచ్చవ్వకు పోచమ్మ పూని, "గా ఏసుమతం దాని పనే" అన్నదట. ఇగ సాక్ష్యం ఎవలికి కావాలె?

"మీ వాడల నారి ఎందుకు లేవలే? చెప్పు!" పటేలు కట్టెతోని నేలను పొడిచిండు. ఆయన పిక్కకు కూడ పుల్ల కట్టే ఉన్నది.

"చెప్తే ఇంటరా?"

"చెప్పకుంటే నోట్లె పన్నుండది."

ఎలీసబెతు ఒక్కడుగు ముందటికేసింది. "అయితే మీ దిగుడుబావి నీళ్ళు చెంబెడు తెప్పియ్యుండ్రి. నేను ముట్టరాదు గద, మీరే ముట్టుండ్రి. మీ చాయ గిలాసల పోసి ఎండకు పట్టి చూడుండ్రి."

"వద్దు పటేలా, నీళ్ళల్ల మంత్రమేస్తది!" అని బుచ్చవ్వ మొత్తుకున్నది.

భూమన్న ఇనలే. ఆయన కాలు ఆయనకు నెల రోజుల సంది నరకం చూపెడ్తుంది. పటకారు కిందపెట్టి, తనే పోయి నీళ్ళు తెచ్చిండు. గాజు గిలాసల పోసి ఎండకు పట్టిండు. నలకలు కనవడ్డయి. తెల్లటి సన్నటి నలకలు. చెయ్యి కదలకున్నా గవి కదులుతున్నయి, ఎగురుతున్నయి.

"అవ్వో! పానమున్నదిరా వీటికి!" అన్నడు భూమన్న.

"గవి తాగితే యాడాదికి కాళ్ళల్ల నారయి బయటికెళ్తది. మిషన్ దవాఖాన నర్సమ్మ చెప్పింది" అన్నది ఎలీసబెతు. "పుండున్న కాళ్ళతోని బావిల దిగుతరు. పుండుల పురుగు నీళ్ళల్ల పిల్లలు పెడితే గీ నలకలు వాటిని మింగుతయి. గా నీళ్ళల్లనే పుండు కడుక్కుంటరు, గండ్లనే కడవ ముంచుకుంటరు. చేతబడి నేను చెయ్యాల్నా? మీకు మీరే చేసుకుంటుండ్రు!"

"మరి మీకెందుకు రాలే?" అన్నడు పటేలు.

"మమ్ముల బావి దిగనిస్తిరా మీరు? ఎన్నిసార్లు మీ కాళ్ళు మొక్కినం? నిరుడు మా ఆయన గొంతెండి ఒక్క మెట్టు, ఒక్కటంటే ఒక్క మెట్టు దిగితే తుమ్మచెట్టుకు కట్టేసి కొడితిరి. వాగుల ఉసికె తోడి చెలిమె చేసుకున్నం. ఎండకాలం ఊట ఉండేది గా ఒక్క తావునే. చిప్పతోని ముంచితే కడవ నిండేటాళ్ళకు పూట గడుస్తది. గాని ఉసికెనే వడగట్టిన నీళ్ళల్ల గీ పురుగుండది. గదే మా మంత్రం!"

భూమన్న పటకారును కాలితోని అవతలికి నూకిండు. పటేలు గిలాసను చాన సేపు చూసి, నీళ్ళు నేలమీద పారబోసిండు.

"ఇడువుండ్రి వాళ్ళను" అన్నడు.

ఎలీసబెతు నోట్లె నాలుక తిప్పి చూసుకున్నది. అన్ని పండ్లున్నయి. నిజం చెప్తే ఇనేటోళ్ళు కూడ ఉంటరు గద అనుకొని, తోమాసు చెయ్యి పట్టుకొని నాలుగడుగులు వేసింది.

"ఆగు" అన్నడు పటేలు. జనం దిక్కు తిరిగి గొంతు పెంచిండు. "ఊరంతా చాటియ్యుండ్రి! రేపటి సంది మనమందరం చెలిమె నీళ్ళే తాగాలె. పొద్దుగాల పసుపునీళ్ళు చల్లి చెలిమెను శుద్ధి చెయ్యుండ్రి. వాడోళ్ళెవ్వరు వాగు దిక్కు రావద్దు, నీళ్ళు మైలపడ్తయి."

ఎలీసబెతు గిర్రున తిరిగింది. "మరి మేమేం తాగాలె పటేలా?"

పటేలు ఎంతో దయగల్లోని లెక్క చెయ్యి జాపి దిగుడుబావిని చూపెట్టిండు.

"ఎన్నేండ్ల సంది కాళ్ళు మొక్కుతుండ్రు గద! పోండ్రి, దిగుండ్రి."