సిప్రియానో చెవి

"నేను కూర్చోను. బండి అమ్ముకునేది నువ్వు, నువ్వే కూర్చుని తిప్పు," అంది నెరీదా.

"నాకు డ్రైవింగ్ వస్తే నిన్నెందుకు బతిమాలతానక్కా?" తమ్ముడు ఓస్మెల్ పళ్ళు కొరికాడు. "కాసేపు స్టీరింగ్ తిప్పితే నీ సొమ్మేం పోతుంది?"

"నా సొమ్మే పోతోంది!"

అందులో అబద్ధమేమీ లేదు. పందొమ్మిది వందల యాభై నాలుగు నాటి ఆ ఆకుపచ్చ కారులో, శాంతియాగో నుంచి మాత గుడి ఉన్న ఎల్ కోబ్రే దాకా కొండదారిన పదకొండేళ్ళుగా జనాన్ని మోస్తున్నది ఆమే. తండ్రి మాత్రం పోతూ పోతూ కాగితాలు మగపిల్లాడి పేర రాసి పోయాడు. వాడికి క్లచ్చేదో బ్రేకేదో తెలియదు. ఇవాళ బేరం కుదిరిందంటే రేపట్నుంచి నెరీదా బతుకు వీధిన పడ్డట్టే.

కొనడానికి వచ్చిన అబెలార్దో, బయామో అనే ఊరి ఆసామి. వెంట తన మెకానిక్కుని తెచ్చుకున్నాడు. పేరు సిప్రియానో, అరవై దాటిన మనిషి, తన చెవి మీద మహా గర్వం. వచ్చిన దగ్గర్నుంచీ కారు చుట్టూ తిరుగుతూ మూతి విరుస్తూనే ఉన్నాడు.

"ఆడది తోలిన బండి. స్టీరింగ్ జాయింట్లన్నీ అరిగి చచ్చుంటాయి," అంటూ వీధిలోనే అట్టముక్క పరుచుకుని కారు కిందికి దూరాడు.

నెరీదాకి ఒళ్ళు మండిపోయింది. "నోరు అదుపులో పెట్టుకో ముసలాడా! ప్రతి ఆదివారం నా చేతుల్తో నేనే గ్రీజు పెడతాను. ఒక్క జాయింటు లూజుందని చూపించు, నా పేరు మార్చుకుంటాను!"

"అయితే ఎక్కి తిప్పు మరి!"

ఆమె రోషంగా ఎక్కి, తలుపు దఢేలుమని వేసుకుంది.

"కొంచెం కుడికి... కొంచెం ఎడమకి... మెల్లిగా తల్లీ, బస్సు తోలుతున్నావనుకున్నావా!" కింద పడుకుని సిప్రియానో జాయింట్లు ఒక్కొక్కటే పట్టుకుని చూస్తున్నాడు. ఎదురింట్లో పాటలు హోరెత్తిపోతున్నాయి.

"ఏమైనా తెలిసిందా?" అబెలార్దో నడుం వంచి అడిగాడు.

"చేతికేమీ తగల్లేదు. చేతిదేముందిలే, చెవితో వింటే తెలుస్తుంది."

పొడుగాటి ఇనప చువ్వ ఒక కొస జాయింటుకి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకున్నాడు. "ఊఁ, తిప్పు."

తిప్పింది. చువ్వలో టక్కుమంది.

"ఇంకోసారి." మళ్ళీ టక్కు.

"నే చెప్పలా!" ముసలాయన మొహం వెలిగిపోయింది. "పోయింది. లోపల అరిగి కొట్టుకుంటోంది. కొండ మలుపులో ఊడిందంటే చక్రం ఒకవైపు, బండి ఒకవైపు."

నెరీదా కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది. "కోబ్రే మాత మీద ఒట్టు, నా బండికి ఏ లోపమూ లేదు! నీ చెవిలో గులిమి తీయించుకో ముందు!"

పొద్దుట్నుంచీ కారాలు మిరియాలు నూరుతున్న అక్క ఇప్పుడు తన పక్షాన మాట్లాడేసరికి ఓస్మెల్‌కి ప్రాణం లేచొచ్చింది. "అవును సార్, మా అక్క దీన్ని కన్నబిడ్డలా చూసుకుంటుంది."

"నన్నూ విననీ." అబెలార్దో మోకాళ్ళ మీద కూలబడి చువ్వ చెవికి పెట్టుకున్నాడు. "తిప్పమ్మా."

టక్కు.

ఆయన లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "నాకొద్దు బాబూ. ముగ్గురు పిల్లలున్నవాణ్ణి."

"జాయింటు మార్పించి ఇస్తాను సార్!"

"ఎక్కణ్ణుంచి తెస్తావు?" సిప్రియానో బయటికొస్తూ నవ్వాడు. "దీనికి విడిభాగాలు మా తాతల నాడే ఆగిపోయాయి. లేతు మిషను మీద చేయించాలంటే ఆర్నెల్లు పడుతుంది. ఈ వీధి మొత్తానికీ చెబుతా, ఎవరూ దీని జోలికి రావద్దని."

వాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు. ఓస్మెల్ కోపమంతా అక్క మీదికి తిరిగింది.

"అంతా నీ వల్లే! కొండలెక్కించీ ఎక్కించీ బండిని నాశనం చేశావు. ఇహ దీన్నెవడు కొంటాడు?"

"నేను చెప్తూనే ఉన్నానుగా, ఏ లోపమూ లేదని."

"నోర్మూయ్! రేపు చక్రం ఊడి ఎవడైనా చస్తే పోలీసులు నా గుమ్మంలోకొస్తారు. సోమవారం ఆఫీసుకి రా, కాగితాలు నీ పేరు మీదికి మార్చి పారేస్తాను. నీ డొక్కుతో నువ్వే ఏడు!" టైరుని ఒక్క తన్ను తన్ని విసవిసా నడిచిపోయాడు.

నెరీదా తల దించుకుని స్టీరింగ్ పట్టుకుని కూర్చుంది. వాడు మలుపు తిరిగాక కళ్ళు తుడుచుకుంది. స్టాండులో ఆరుగురిని ఎక్కించుకుని ఎల్ కోబ్రే దారి పట్టింది. మొదటి మలుపు, రెండో మలుపు, స్టీరింగ్ చెప్పినట్టల్లా విన్నది.

చువ్వలో వినిపించిన టక్కు ఆమె మడమది, తిప్పినప్పుడల్లా కారు నేల మీద కొట్టింది.